జింక్ వేస్తూనే ఉన్నాం, పైరుకు ఎందుకు అందడం లేదు?

ప్రశ్న: అన్నా, మాది కడప జిల్లా మైదుకూరు దగ్గర పల్లె. కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద నాలుగెకరాల రేగడి ఉంది. వానాకాలం వరి వేస్తాం, కాలువలో నీళ్లు మిగిలితే ఆ తర్వాత మొక్కజొన్న. మూడేండ్లుగా నాటు వేసిన ఇరవై రోజులకల్లా కింది ఆకుల మీద తుప్పు మచ్చలొచ్చి పైరు గిడసబారుతోంది. తెగులనుకొని రెండుసార్లు మందు కొట్టాం, తగ్గలేదు. మొక్కజొన్న మొలకలు కూడా తెల్లబారుతున్నాయి. ఏటా ఎకరాకు పది కిలోల జింక్ సల్ఫేట్ డీఏపీతో కలిపి చల్లుతూనే ఉన్నాం. నిరుడు ఎగువ ఎకరాను జేసీబీతో చదును చేయించాం, ఇప్పుడు అన్నిటికంటే అధ్వానంగా ఉన్నది అదే. భూసార పరీక్ష కార్డులో పీహెచ్ 8.3, సేంద్రియ కర్బనం తక్కువ, భాస్వరం ఎక్కువ, జింక్ 0.42 పీపీఎం అని రాశారు. అంగడాయన జింక్ రెట్టింపు వేయమంటాడు. మా చిన్నాయన జిప్సం తోలితే సున్నం విరుగుతుందంటాడు. పక్క చేనాయన చీలేటెడ్ జింక్ కొనమంటాడు, దాని ధర చూస్తే భయమేస్తోంది. ఎవరి మాట వినేది? అనంతపురం జిల్లాలో మా అక్కవాళ్ల చీనీ (బత్తాయి) తోటలోనూ ఆకులు చిన్నవై పసుపెక్కుతున్నాయట. అదీ ఇదీ ఒకటేనా? మేం ఇంటికి తినేదీ ఈ వడ్లే. ఇప్పుడు నాటు వేసి మూడు వారాలైంది.

సమాధానం: చెల్లెమ్మా, పైరు చేలో ఉంది కాబట్టి ముందు చేయాల్సిన పని చెప్తాను, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం. లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున జింక్ సల్ఫేట్ కలిపి, ఎకరాకు 200 లీటర్ల ద్రావణం ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. అంటే ఎకరాకు 400 గ్రాములు. ఐదు రోజులకు మళ్లీ ఒకసారి కొట్టండి. కొత్తగా వచ్చే ఆకు పచ్చగా లేకపోతే మూడోసారి కూడా. ఇందులో పురుగుమందు, తెగులు మందు ఏదీ కలపొద్దు. పొద్దున మంచు ఆరాక గానీ సాయంత్రం ఎండ తగ్గాక గానీ కొట్టండి. వీలైతే మొదటి పిచికారీకి ముందు కయ్యలో నీళ్లు తీసేసి రెండు మూడు రోజులు ఆరనివ్వండి. పాత మచ్చలు పోవు, వాటిని చూసి మందు పనిచేయలేదని అనుకోవద్దు. కొత్త ఆకును చూడండి.

ఇది జింక్ లోపమేనని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో కనిపించడం, కింది ఆకుల్లో మొదలవడం, చేనంతా ఒకేలా కాకుండా మడమడకూ తేడాగా ఉండటం, తెగులు మందుకు లొంగకపోవడం, అన్నీ దానికి గుర్తులే. ఆకు మొదలు దగ్గర నడిమి ఈనె పాలిపోయి ఉందేమో చూడండి. ఆ తర్వాతే సన్నటి తుప్పు చుక్కలు వచ్చి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. గోధుమ మచ్చ తెగులైతే మచ్చ గుడ్డు ఆకారంలో, మధ్యలో బూడిద రంగుతో, చుట్టూ పసుపు వలయంతో విడివిడిగా ఉంటుంది. దీన్ని తెగులనుకోవడం మీ ఒక్కరికే జరిగింది కాదు. ఉత్తరాదిన హిమాలయాల దిగువ తెరాయి నేలల్లో వరి ఇలాగే ఎర్రబారిపోతుంటే రైతులు దాన్ని ఖైరా అని పిలిచేవాళ్లు. అది క్రిమి వల్ల వచ్చే జబ్బు కాదనీ, జింక్ లేకపోవడమేననీ పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వై.ఎల్. నేనే 1960ల మధ్యలో తేల్చారు. మన దేశంలో పొలంలోని పైరుకు జింక్ లోపాన్ని స్పష్టంగా గుర్తించిన మొదటి సందర్భాల్లో అదొకటి.

మొక్కజొన్నలో గుర్తు ఇంకా తేలిక. మొలిచిన రెండు వారాల్లోపు, లేత ఆకుల మొదలు వైపు సగంలో, నడిమి ఈనెకు రెండు పక్కలా వెడల్పాటి తెల్లని పట్టీలు వస్తాయి. ఈనె, ఆకు అంచు మాత్రం పచ్చగానే ఉంటాయి. మొక్క పెరుగుదలకు కావాల్సిన ఆక్సిన్ తయారవడానికి జింక్ అవసరం. అది లేకనే కణుపులు దగ్గరపడి మొక్క గిడసబారుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ చేలో జింక్ తక్కువన్నది నిజమే. కానీ అంతకంటే పెద్ద ఇబ్బంది, వేసిన జింక్ పైరుకు అందకపోవడం. ఈ రెండింటినీ వేరుగా చూడకపోతే ఏటా డబ్బు మట్టిలో పోసుకోవడమే అవుతుంది. మీకు ముగ్గురు చెప్పిన మూడు సలహాల్లోనూ ఈ తేడా లేదు.

మీ చుట్టుపక్కల భూమి ఎలాంటిదో మీకు తెలియంది కాదు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు రాయి ఎక్కడిది? ఇళ్లల్లో పరిచే కడప బండ ఎక్కడిది? కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలను నీళ్లు తొలిచింది దేనిలో? అంతా సున్నపురాయే. భూగర్భ శాస్త్రంలో ఆ రాతి పొరలకు నర్జి సున్నపురాయి, కోయిలకుంట్ల సున్నపురాయి అని మన ఊళ్ల పేర్లే పెట్టారు. దానికి తోడు మనకు వానలు తక్కువ. వానలు దండిగా పడే చోట సున్నం కరిగి కిందికి కొట్టుకుపోతుంది, మన రేగడిలో అది అక్కడే ఉండిపోతుంది. రెండడుగులు తవ్వితే తెల్లటి సున్నపు గడ్డలు తగలడం మీరు చూసే ఉంటారు. ఆ గడ్డను పొడి చేసి నిమ్మరసం పిండి చూడండి, బుసబుసా పొంగుతుంది. కార్డులో రాసే 12 అంశాల్లో సున్నం శాతం లేదు కాబట్టి ఈ చిన్న పరీక్ష చేసి చూడటం మంచిది.

పీహెచ్ అంటే నేల పులుపునూ క్షారాన్నీ చెప్పే కొలత, ఏడు దాటితే క్షారం. సున్నం ఉన్న నేల పీహెచ్ సాధారణంగా ఎనిమిదికి పైనే, ఎనిమిదిన్నరకు లోపలే ఉంటుంది. మీది 8.3, సరిగ్గా అలాంటి నేల. మొక్క వేరు జింక్‌ను నీళ్లలో కరిగి ఉంటేనే తీసుకోగలదు. పీహెచ్ ఒక అంకె పెరిగితే మట్టి నీటిలో కరిగి ఉండే జింక్ దాదాపు నూరో వంతుకు పడిపోతుంది. పీహెచ్ ఆరు చిల్లర ఉండే ఎర్ర నేలకూ మీ రేగడికీ మధ్య ఉన్న తేడా దీన్నిబట్టే అర్థమవుతుంది. పైగా సున్నపు రేణువుల పైపొర జింక్‌ను పట్టి ఉంచుతుంది, బంకమన్ను కూడా పడుతుంది. వరి మడిలో నీళ్లు నిలిచినప్పుడు ఇంకొక చిక్కు వస్తుంది. సున్నం, కుళ్లే గడ్డీగాదం కలిసి నీళ్లలో బైకార్బొనేట్ పెరుగుతుంది. అది వేరును పెరగనీయదు, వేరు దాకా వచ్చిన జింక్‌ను కూడా పైకి పోనీయదు. నాటిన తొలి వారాల్లోనే పైరు ఎర్రబారడానికి ఇదొక ముఖ్య కారణం. నెలా నెలన్నర గడిచాక చాలా చేలు తమంతట తామే కొంత కోలుకుంటాయి. కానీ అప్పటికే పిలకలు తగ్గిపోయి ఉంటాయి, కోతా వెనకబడుతుంది.

ఒక్క లెక్క చూద్దాం. మామూలు జింక్ సల్ఫేట్‌లో 21 శాతం జింక్ ఉంటుంది. మీరు మూడేళ్లలో ఎకరాకు 30 కిలోలు వేశారు, అంటే 6.3 కిలోల జింక్. ఒక టన్ను వడ్లు పండించే పైరు గింజా గడ్డీ కలిపి తీసుకునేది 40 నుంచి 50 గ్రాములు మాత్రమే. ఎకరాకు 30 బస్తాలు, అంటే రెండు టన్నులకు పైగా పండినా ఒక పంట 100 గ్రాములకు అటూ ఇటూ తీసుకుని ఉంటుంది. మూడేళ్ల వరీ మొక్కజొన్నా కలిపినా కిలో దాటదు. జింక్ యూరియాలాగా గాల్లో కలవదు, నీళ్లతోపాటు కిందికి దిగిపోదు. మరి మిగిలిన ఐదు కిలోలకు పైగా ఎక్కడుంది? ఎకరా పొలంలో పైనున్న అరడుగు మట్టి బరువు సుమారు 900 టన్నులు. అందులో ఐదు కిలోలు కలిస్తే పరీక్షలో మొత్తం కనిపించకపోయినా కొంతైనా కనిపించాలి. మన దేశంలో ఎక్కువ ప్రయోగశాలలు 0.6 పీపీఎం (పది లక్షల వంతుల మట్టిలో 0.6 వంతు) కంటే తక్కువుంటే లోపం అంటాయి. మీకు మూడేళ్లు వేశాక కూడా 0.42 వచ్చిందంటే సున్నం ఒక్కదాని మీదే నెపం వేయలేం. నాకు మూడు అనుమానాలున్నాయి.

మొదటిది, మీరు కొన్నది జింక్ సల్ఫేటేనా అని. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే మెగ్నీషియం సల్ఫేట్‌ను ఇందులో కలిపి అమ్మడం పాత మోసం. ధరలో తేడా ఉంది కాబట్టి జరుగుతూనే ఉంటుంది. మీ అంగడాయనను నేను అనుమానించడం లేదు, ఆయనకూ తెలియకుండా వచ్చి ఉండొచ్చు. ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒక గాజు గ్లాసులో చెంచాడు డీఏపీ కరిగించి పైన తేట వంపుకోండి. ఇంకో గ్లాసులో చెంచాడు జింక్ సల్ఫేట్ కరిగించండి. రెండూ కలపండి. నిజమైన జింక్ సల్ఫేట్ అయితే చిక్కటి తెల్లని మడ్డి గడ్డకడుతుంది. ఉత్త మెగ్నీషియం సల్ఫేట్ అయితే అలా గడ్డకట్టదు. సగం సగం కల్తీని ఈ పరీక్ష సరిగ్గా పట్టుకోలేదు కాబట్టి, మడ్డి పలచగా వచ్చినా మండల వ్యవసాయాధికారికి చెప్పి నమూనా ప్రయోగశాలకు పంపించమనండి. బిల్లు లేకుండా, సంచి మీద కుట్టు విప్పి ఉన్నది ఏదీ కొనొద్దు.

అదే గ్లాసును ఇంకొంచెంసేపు చూడండి, మీ రెండో పొరపాటు అందులోనే కనిపిస్తుంది. జింకూ డీఏపీలోని భాస్వరమూ కలిసిన వెంటనే గడ్డకట్టింది కదా, మీరు ఏటా డీఏపీతో కలిపి చల్లినప్పుడు తడి తగిలిన ప్రతిచోటా జరిగింది అదే. అందుకే ఈ రెండింటినీ కలిపి వేయొద్దని, మధ్యలో కనీసం రెండు మూడు రోజులు ఎడం ఉంచమని చెప్పేది. యూరియాతోనైతే కలిపి చల్లుకోవచ్చు, ఇబ్బంది లేదు.

ఎడం పాటించినంత మాత్రాన భాస్వరంతో తగవు తీరదు. మీ కార్డులో భాస్వరం ‘ఎక్కువ’ అని ఉంది. జింక్ గురించి అడుగుతూ మీరు దాన్ని మామూలుగా రాసేశారు గానీ, నా దృష్టిలో కార్డులో అన్నిటికంటే ముఖ్యమైన మాట అదే. భాస్వరం ఎక్కువైన నేలలో మొక్క ఒంట్లో భాస్వరానికి తగ్గ జింక్ ఉండదు. పైగా వేళ్లకు అంటుకుని దూరం నుంచి జింక్‌ను తెచ్చిపెట్టే మైకోరైజా అనే మేలుచేసే బూజు భాస్వరం ఎక్కువైన కొద్దీ తగ్గిపోతుంది. వరి మడి కంటే మొక్కజొన్నకు ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. మన దగ్గర డీఏపీ బస్తా లేనిదే సేద్యం మొదలుకాదన్నట్టు తయారైంది. ఏటా రెండు పంటలకూ వేసి వేసి చాలా కాలువ కింది చేలల్లో భాస్వరం పేరుకుపోయింది. నేలలో ఎక్కువ ఉందని తేలినప్పుడు సిఫారసు చేసిన భాస్వరంలో దాదాపు మూడో వంతు తగ్గించుకోవచ్చు. మీరు ఈ ఒక్క పని చేస్తే మిగిలే డబ్బుతోనే రెండేళ్లకు సరిపడా మంచి జింక్ సల్ఫేట్ కొనడానికి దారి దొరుకుతుంది. అంగడాయన జింక్ రెట్టింపు చేయమన్నాడే గానీ, డీఏపీ తగ్గించమని ఎందుకు చెప్పలేదో నాకు బాధగానే ఉంది.

మూడోది మీ ఎగువ ఎకరా. చదును చేయించేటప్పుడు జేసీబీ ఎత్తుగా ఉన్నవైపు నుంచి పైమట్టి గీకి పల్లానికి నెట్టి ఉంటుంది. నేలలో పైరుకు అందే జింక్, సేంద్రియ పదార్థం అంతా ఎక్కువగా ఉండేది పైన అరడుగులోనే. అది పోతే బయటపడేది సున్నం దండిగా ఉన్న అడుగుమట్టి. చదును చేసిన చేలల్లో జింక్ లోపం రావడం ప్రపంచమంతటా తెలిసిన సంగతే. మీరు పరీక్షకు మట్టి ఎక్కడ తీశారు? నాలుగెకరాల మట్టీ కలిపి ఒకే నమూనా పంపి ఉంటే, లేదా ఆ ఎగువ ఎకరా మట్టే పంపి ఉంటే, 0.42 అన్న అంకె మిగతా మూడెకరాల గురించి సరిగ్గా చెప్పదు. ఈసారి కోత అయ్యాక చదును చేసిన ఎకరాకు ఒక నమూనా, మిగతాదానికి ఒక నమూనా వేరుగా తీయండి.

మట్టి తీసేటప్పుడు ఒక జాగ్రత్త. జింక్ పరీక్షకు జీఐ బకెట్, రేకు డబ్బా వాడొద్దు, వాటి మీది పూతే జింక్. మట్టిని ప్లాస్టిక్ తొట్టిలో వేయండి, తుప్పు పట్టిన పార వద్దు. చెట్టు కింద, గట్టు పక్కన, దిబ్బ వేసిన చోట తీయకుండా ఎనిమిది పది చోట్ల అరడుగు లోతు వరకు వీ ఆకారంలో తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకు తేవాలి. నీడలో ఆరబెట్టి రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. ప్రయోగశాలలో జింక్‌ను కొలవడానికి వాడేది డీటీపీఏ పద్ధతి. 1978లో లిండ్సే, నార్వెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మీలాంటి సున్నపు నేలలను దృష్టిలో పెట్టుకునే దాన్ని రూపొందించారు. కాబట్టి నమూనా సరిగ్గా ఉంటే ఆ అంకెను నమ్మొచ్చు.

ఇప్పుడు మీ చిన్నాయన మాట. జిప్సం మీద ఆయన నమ్మకం ఎక్కడిదో నాకు తెలుసు. వేరుశనగకు పూత దశలో జిప్సం వేస్తే కాయ గట్టిపడటం మన సీమలో ప్రతి రైతూ చూసిందే, అక్కడ అది కాల్షియం, గంధకం ఇస్తుంది. చౌడు నేలలో కూడా జిప్సం పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ శత్రువు సోడియం. పీహెచ్ ఎనిమిదిన్నర దాటి, వాన పడితే నీళ్లు ఇంకక, ఆరితే పైన పెంకు కట్టే నేల అది. మీది అది కాదు. మీ నేలలో ఉన్నది సున్నం, అంటే కాల్షియం కార్బొనేట్. జిప్సం కూడా కాల్షియమే. కాల్షియం ఉన్నచోట ఇంకా కాల్షియం వేస్తే సున్నం ఎలా విరుగుతుంది?

గంధకం వేస్తే సున్నం విరుగుతుందా అని మీరు అడగలేదు గానీ, రేపు ఎవరో ఒకరు చెప్తారు. మాట వరకు నిజమే, గంధకం నేలలో ఆమ్లంగా మారి సున్నాన్ని కరిగిస్తుంది. కిలో గంధకం మూడు కిలోల చిల్లర సున్నాన్ని విరుస్తుంది. నేలలో ఐదు శాతం సున్నం ఉందనుకుందాం. ఎకరాకు అరడుగు లోతులోనే 45 టన్నుల సున్నం ఉన్నట్టు. దాన్ని విరగ్గొట్టాలంటే 14 టన్నుల గంధకం కావాలి. ఎకరాకు పదో ఇరవయ్యో కిలోలు చల్లడం సున్నం తొట్టిలో చెంచాడు చింతపండు పులుసు పోసినట్టే. పైరుకు గంధకం పోషకంగా తక్కువైతే వేసుకోండి, అది వేరే సంగతి. సున్నాన్ని పోగొట్టుకోలేం చెల్లెమ్మా. మన తాతలు అదే నేలలో పండించారు, మనమూ అదే నేలతో సర్దుకుని పండించాలి.

చీలేటెడ్ జింక్ మంచిదే, అబద్ధం కాదు. ఈడీటీఏ అనే పదార్థం జింక్‌ను చుట్టి పట్టుకుని సున్నం బారిన పడకుండా కొంతకాలం కాపాడుతుంది, అందుకే అందులో 12 శాతమే జింక్ ఉన్నా నేలలో సల్ఫేట్ కంటే బాగా కదులుతుంది. కానీ సున్నపు నేలలో కాల్షియం మెల్లగా ఆ పట్టును విడదీస్తుంది. నాలుగెకరాల నేలకు దాన్ని పోయడం మీ ఖర్చుకు తగిన పని కాదు. పిచికారీకి కొద్ది మొత్తంలో వాడుకోవచ్చు గానీ, 2 గ్రాముల సల్ఫేట్ పిచికారీ తక్కువ డబ్బుతో అదే పని చేస్తుంది. జింక్‌ను కరిగించే బ్యాక్టీరియా అని కూడా సీసాల్లో అమ్ముతున్నారు. సున్నం ఇంతగా ఉన్నచోట వాటి ఆమ్లం నిలవడం కష్టం, దాన్నే నమ్ముకుని జింక్ మానేయొద్దు.

వచ్చే వానాకాలానికి నేనైతే ఇలా చేస్తాను. ఏటా పది పది కిలోలు చిలకరించడం ఆపి, పరీక్షించి చూసుకున్న జింక్ సల్ఫేట్ ఎకరాకు 20 కిలోలు ఒకేసారి ఆఖరి దమ్ములో వేస్తాను. దొరికేది 33 శాతం రకమైతే 12, 13 కిలోలు చాలు. దాన్ని ముందే 200 కిలోల చివికిన పశువుల ఎరువులో కలిపి కొన్నాళ్లు తడిగా ఉంచితే ఇంకా మంచిది, ఎరువులోని సేంద్రియ ఆమ్లాలు జింక్‌ను పట్టుకుని సున్నానికి వెంటనే చిక్కకుండా చేస్తాయి. అలా వేసింది మూడు పంటలదాకా పనిచేస్తుంది. ఆ వెనుక మొక్కజొన్నకు మళ్లీ నేలలో వేయనక్కర్లేదు. ఎగువ ఎకరాకు మాత్రం పశువుల ఎరువు రెండు మూడు రెట్లు పోయండి, అక్కడ జింక్ కంటే ముందు పోయింది పైమట్టి. నారు పీకాక లీటరు నీటికి 20 గ్రాముల జింక్ ఆక్సైడ్ కలిపిన నీళ్లలో వేళ్లు ముంచి నాటడం ఇంకో పద్ధతి. ఖర్చు కొద్దిగానే అవుతుంది. జింక్ ఆక్సైడ్ కరగదు, అడుగున దిగుతుంది కాబట్టి ముంచే ప్రతిసారీ కలియబెట్టాలి. ఎగువ ఎకరా వరకైనా చేయండి.

నాటిన కొత్తల్లో మడి నిండా నీళ్లు కట్టి రోజుల తరబడి కదలకుండా ఉంచొద్దు. కాలువ మళ్లీ ఎప్పుడు వదులుతారో తెలియక కె.సి. కాలువ ఆయకట్టు రైతులు నీళ్లు దొరికినప్పుడే నింపుకుంటారని నాకు తెలుసు, ఆ భయం న్యాయమైనదే. అయినా పైరు ఎర్రబారడం మొదలైన మడిలో మాత్రం ఒకసారి నీళ్లు తీసి ఆరబెట్టడం వల్ల నష్టం కంటే మేలు ఎక్కువ.

మొక్కజొన్న సంగతి వేరు. ఆరుతడి నేలలో జింక్ వేసిన చోటి నుంచి కదలదు, వేళ్లే దాన్ని వెతుక్కుంటూ రావాలి. అందుకే పైన చల్లి వదిలేస్తే దండగ. ఎప్పుడు వేసినా ఆఖరి దుక్కిలో మట్టిలో కలిసిపోవాలి. మొలకల్లో తెల్ల పట్టీలు కనిపించగానే లీటరుకు 2 గ్రాముల లెక్కనే వారం తేడాతో రెండుసార్లు కొట్టండి.

సేంద్రియ కర్బనం తక్కువ అని కార్డు చెప్పింది కాబట్టి పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ వేయమంటాను, ఇలాంటి నేలల్లో బాగా వస్తుంది. ఒక్కటే హెచ్చరిక. పచ్చిరొట్టను తొక్కిన వెంటనే నాట్లు వేయొద్దు. అది కుళ్లేటప్పుడు పైన చెప్పిన బైకార్బొనేటే పెరిగి, మేలుకు పోయి కీడు తెచ్చుకున్నట్టవుతుంది. పది పదిహేను రోజులు మురగనివ్వండి. చెరువు మట్టి తోలాలనుకుంటే దాన్నీ ముందు పరీక్ష చేయించండి. సున్నపురాతి గుట్టల కింద చెరువుల్లో పేరుకునేది కూడా చాలాసార్లు సున్నపు మట్టే.

ఇంటికి తినేది ఈ వడ్లే అని రాశారు. అది చదివాకే ఈ సమాధానం ఇంత పెద్దదైంది. జింక్ పైరుకే కాదు, పిల్లల ఎదుగుదలకూ కావాలి. మనిషికి కూడా జింక్ లోపం వస్తుందన్న సంగతిని 1960ల మొదట్లో మొదట బయటపెట్టింది మన బీహార్‌లో పుట్టిన వైద్యుడు ఆనంద ప్రసాద్. ఇరాన్‌లోని షిరాజ్‌లో వయసొచ్చినా ఎదగని యువకులను చూసి ఆయన ఆ దారి పట్టారు. వాళ్ల తిండి దాదాపు గోధుమ రొట్టే. అందులోని ఫైటేట్ జింక్‌ను ఒంటికి పట్టనివ్వదు. జింక్ తక్కువున్న నేలలో పండిన గింజలోనూ జింక్ తక్కువే ఉంటుంది. పూత అయ్యాక, గింజ పాలు పోసుకునే దశలో ఇంకొక పిచికారీ చేస్తే గింజలోకి కొంత ఎక్కువ చేరుతుంది. దిగుబడి పెరగదు గానీ, ఇంటికి ఉంచుకునే మడికైనా చేయమని నా కోరిక.

మీ అక్కవాళ్ల చీనీ తోటకు వస్తే, చాలావరకు అదీ ఇదీ ఒకటే. కాకపోతే చీనీలో జింకుతోపాటు ఇనుము లోపమూ వస్తుంది, రెంటినీ గుర్తుపట్టాలి. లేత ఆకులు సన్నగా, నిటారుగా, కొమ్మ చివర గుత్తిగా వచ్చి, ఈనెల వెంట పచ్చగా, మధ్యలో అడ్డదిడ్డంగా పసుపు మచ్చలుంటే జింక్. ఆకు సైజు మామూలుగానే ఉండి, అంతా పాలిపోయి సన్నటి ఈనెలు మాత్రం పచ్చని వలలా కనబడితే ఇనుము. డ్రిప్ పైపుల రంధ్రాల దగ్గర తెల్లటి పొక్కు కడుతోందేమో అడగండి. కడుతుంటే బోరు నీళ్లే రోజూ సున్నాన్నీ బైకార్బొనేట్‌నూ వేళ్ల దగ్గర పోస్తున్నాయని అర్థం. అలాంటి తోటలో నేలలో వేసే జింక్ మీద ఆశ పెట్టుకోకుండా ఆకులకే ఇవ్వాలి.

లీటరు నీటికి 5 గ్రాముల జింక్ సల్ఫేట్, 10 గ్రాముల యూరియా. ఈ మోతాదు ఆకును మాడుస్తుంది కాబట్టి లీటరుకు రెండున్నర గ్రాముల సున్నం కలపాలి. సున్నాన్ని వేరే తొట్టిలో నీళ్లు పోసి కలిపి, గుడ్డలో వడకట్టి, ఆ తేటను జింక్ కరిగించిన నీళ్లలో కొంచెం కొంచెంగా పోయమనండి. సున్నాన్ని నేరుగా డ్రమ్ములో వేస్తే నాజిల్ పూడిపోతుంది. కొత్త చిగురు ఆకు మూడింట రెండు వంతులు విచ్చుకున్నప్పుడు కొట్టాలి. ముదురాకు మీద పడిన జింక్ తర్వాత వచ్చే చిగురుకు పెద్దగా చేరదు. అందుకని ఏడాదిలో చిగురు వచ్చిన ప్రతిసారీ, ముఖ్యంగా జనవరి, ఫిబ్రవరి చిగురుకూ జూన్, జూలై చిగురుకూ తప్పకుండా కొట్టుకోవాలి.